దడి లోపల అడవినాభి

మా పెరట్లో ఏడాదికి ఆరేడు నెలలు ఏమీ కనబడని చోటు ఒకటుంది. బారెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న మట్టిదిబ్బ అది. చుట్టూ వెదురు దబ్బలతో నడుమెత్తు దడి కట్టాను. సంక్రాంతికి వచ్చే చుట్టాలు దాన్ని చూసి, "ఏం మాస్టారూ, ఉత్త మట్టికి దడి ఏంటండీ?" అని నవ్వుతారు. తొలకరి పడ్డ పదిహేను రోజులకి వస్తే అలా అడగరు. అప్పటికి దిబ్బలోంచి వేలెడు లావు పచ్చటి మొలకలు పొడుచుకొచ్చి ఉంటాయి. వినాయక చవితి రోజులకి వస్తే దడి బయటే నిలబడిపోతారు. అప్పటికి ఆ మొలకలు మనిషెత్తు తీగలై, నిప్పు అంటుకున్నట్టు పూసి ఉంటాయి.

అది అడవినాభి. పుస్తకాల్లో అగ్నిశిఖ అంటారు. వృక్షశాస్త్రంలో గ్లోరియోసా సూపర్బా. మా ఊళ్ళో ఉత్త 'నాభి' అనేవాళ్ళం. నాభి అంటే మన మాటలో విషం అనే కదా. మనవాళ్ళు పేరులోనే హెచ్చరిక పెట్టి పిలిచారు.

ఈ మొక్క నా పెరట్లో పూయడానికి మూడు వానాకాలాలు పట్టింది. పూసిన తరువాత దాన్ని పీకి పారెయ్యాలని నేనే గునపం పట్టుకున్న రోజు కూడా ఉంది. ఆ రెండు సంగతులూ మన పిల్లలకి, మన ఉపాధ్యాయులకి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మేము కొండరెడ్లం. పాపికొండల్లో గోదావరి ఒడ్డున మా ఊరు. ఇప్పుడు ఆ ఊరు ముంపులో ఉంది. అక్కడ మా ఇంటి వెనక దడి మీద ఒక నాభి తీగ ఉండేది. నేను పుట్టకముందే మా నాయన పోడు నుంచి తెచ్చి నాటాడట. అది ఉన్న చోటికి పాములు రావని అమ్మ నమ్మకం. నాకా నమ్మకం లేదు. ఆ దడి కిందే కట్లపాముని కొట్టిన రోజు నాకు గుర్తుంది. అయితే ఆ తీగ మా ఇంటికి వేరే పని చేసిపెట్టేది. పెరట్లో బీర, ఆనప పాదులు కాపు మీద ఉండి, అడవిలో వేసవి పూలన్నీ ఎప్పుడో రాలిపోయాక, అది తీరిగ్గా మొగ్గ వేసేది. అమ్మ దాన్ని చూసి, "నాభి పూసింది, సామలు చూసి రండి" అనేది. మా పోడులో సామ కంకులు రంగు తిరిగే రోజులు అవే. గోడకి క్యాలెండరు ఉండేది గానీ, కోత సంగతికి మా ఇంట్లో లెక్క ఆ పూవే.

చిన్నప్పుడు ఆ తీగ గురించి మాకు మొదట నేర్పిన మాట "చూడు, ముట్టకు" అని. అడవికి దుంపలు తవ్వడానికి వెళ్ళినప్పుడు అమ్మ ముందు తీగని చూపించేది, ఆ తరువాతే గునపం చేతికిచ్చేది. "ఆకు కొస చూడు. ఆకు కొసే సన్నగా సాగి కర్రని చుట్టుకుంటే అది నాభి. దాని జోలికి పోకు. తీగ మొత్తం కర్రకి చుట్టుకుని పోతే, ఆకు తమలపాకులా ఉంటే, అది మనం తినే దుంప" అనేది. తినే దుంపల్లోనూ అన్నీ ఒకలా ఉండవు. కొన్నిటికి ఒకే తొడిమకి మూడాకులు, కొన్నిటికి ఐదాకులు. కొన్నిటిని తవ్విన రోజే ఉడకేసుకోవచ్చు. కొన్నిటిని పల్చగా తరిగి, వాగు నీళ్ళలో రోజుల తరబడి ఉంచి, విషం పోయాకే వండాలి. మా అమ్మ బడికి వెళ్ళలేదు. కానీ ఏ దుంప ఏ గుంపులోదో, దాన్ని ఎంతసేపు నానబెట్టాలో ఆమె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

తరువాత నేను హాస్టలుకి వెళ్ళాను, చదువుకున్నాను. వృక్షశాస్త్రంలో 'నులితీగలు' అనే పాఠం చదివాను. ఆకు కొస నులితీగగా మారే మొక్కకి ఉదాహరణ గ్లోరియోసా అని పరీక్షలో రాశాను. అది మా దడి మీద ఉన్న నాభేనని నాకు తట్టలేదు. పుస్తకంలో అది ఒక పేరు మాత్రమే. సెలవులకి ఇంటికెళ్ళేది వేసవిలో. వేసవిలో నాభి మట్టి కింద ఉంటుంది.

2021 వేసవిలో ఊరు ఖాళీ చేశాం. అంతకుముందు చెట్ల లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్ళ కాగితంలో మామిడి ఉంది, చింత ఉంది, జీలుగు ఉంది. నాభి లేదు. ఆ రోజుల్లో అది ఎవరికీ కనబడదు మరి. ట్రాక్టరుకి సామాన్లు ఎక్కిస్తుంటే అమ్మ కనబడలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే దడి పక్కన కూర్చుని, మూలగుంజ నుంచి జానలతో కొలుస్తోంది. "ఇక్కడ తవ్వు" అంది. "ఇప్పుడు దీంతో పనేంటమ్మా?" అని విసుక్కున్నాను. "మీ నాయన నాటింది" అంది. అంతే. ఆ పై మాట్లాడలేదు.

నేను తొందరలో గునపం గట్టిగా దింపాను. నాభి దుంప మన చిలగడదుంపలా ఉండదు. రెండు చేతులు చాచినట్టు, నాగలి వంపులా ఉంటుంది. సంస్కృతంలో దానికి 'లాంగలి' అని పేరు, అంటే నాగలి. తమిళులు కలప్పై కిళంగు అంటారు, దానికీ అర్థం నాగలి దుంపే. ఆ రెండు చేతుల చివర్లలోనే కన్నులుంటాయి. మొలక వచ్చేది అక్కడి నుంచే. దుంప మధ్య ముక్కని చిలగడదుంప తీగలా, బంగాళాదుంపలా ఎక్కడపడితే అక్కడ కోసి నాటితే మొలవదు. నా గునపం దెబ్బకి ఒక చేయి విరిగి, దాని కన్ను చితికిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. చేతికి ఆకు చుట్టుకుని, మిగిలిన దుంపని తీసి, పొడి ఇసక పోసిన డాల్డా డబ్బాలో పెట్టుకుంది. డబ్బా ట్రాక్టరులో కాదు, ఆమె ఒళ్ళోనే వచ్చింది.

కొత్త కాలనీలో ఇల్లు పోగా కొంచెం జాగా మిగిలింది. చదును చేయడానికి పోసిన కంకర కలిసిన ఎర్రమట్టి, దాని కింద జిగట నేల. నేను ఆ నేలలోనే గుంట తీసి దుంప పెట్టాను. జూన్ చివర్లో మొలక వచ్చింది. అడుగెత్తు లేచింది. అంతలో ముసురు పట్టింది. కాలనీలో నీళ్ళు పోయే దారి లేక మా పెరట్లో రెండు రోజులు నిలిచాయి. తీగ పసుపురంగుకి తిరిగి వాలిపోయింది. తవ్వి చూస్తే దుంప చాలావరకు మెత్తగా కుళ్ళింది. చివర చిటికెన వేలంత ముక్క మాత్రం గట్టిగా ఉంది. నాభికి వాన కావాలి గానీ నిలవ నీళ్ళు పనికిరావని అప్పుడు తెలిసింది. అడవిలో అది వాలు నేలల్లో, రాళ్ళ సందుల్లో, పొదల మొదట్లో మొలుస్తుంది. అక్కడ నీళ్ళు నిలవవు. ఊళ్ళో మా దడి కూడా వాలు మీదే ఉండేది. నేను మొక్కని తెచ్చాను గానీ దాని చోటు ఎలా ఉండేదో చూసుకోలేదు.

రెండో ఏడు దిబ్బ కట్టాను. గోదావరి ఇసక ఒక వంతు, ఆకులు కుళ్ళిన మట్టి ఒక వంతు, మామూలు మట్టి ఒక వంతు కలిపి, నేలకి జానెడు ఎత్తున పోశాను. దుంపని నాలుగు వేళ్ళ లోతున పడుకోబెట్టి, పక్కన వెదురు కర్ర పాతాను. తీగ నా ఛాతీ దాకా పాకింది. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చిన వారంలోనే ఇక్కడ గాలివాన కొట్టింది. పొద్దున లేచి చూస్తే తీగ మొదట్లో పుటుక్కున విరిగి ఉంది. నాభి కాడ చాలా పెళుసు. విరిగిందంటే ఆ ఏడు మళ్ళీ కొత్త మొలక వెయ్యదు. "ఇంక పోయిందమ్మా" అన్నాను. "పోలేదు, పడుకుంది. కదపకు" అంది అమ్మ.

ఆ మాటలో ఉన్న తెలివి తరువాత అర్థమైంది. నాభి ఏటా పాత దుంపని ఖర్చు చేసుకుని కొత్త దుంప చేసుకుంటుంది. తీగ పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఆకులు తయారుచేసిన తిండి కిందికి పోతుంది. చలికాలానికి పైన తీగ ఎండిపోతుంది, పాత దుంప ముడుచుకుపోతుంది, కొత్త దుంప ఎండాకాలమంతా మట్టిలో నిద్రపోతుంది. అందుకే పూత అయిపోయింది కదా అని తీగని కోసెయ్యకూడదు. దానంతట అది ఎండేదాకా ఉంచాలి. నిద్రపోయే రోజుల్లో నీళ్ళు పొయ్యకూడదు. నీళ్ళు పోసి ప్రేమ చూపించబోతే కుళ్ళిపోతుంది.

మూడో ఏడు కర్రకి బదులు దిబ్బ పక్కన కంది మొక్కలు వేశాను. కంది కొమ్మలు గాలికి ఊగుతాయి, తీగని విరగనివ్వవు. మొదలుకి నీడ, తలకి ఎండ దొరికాయి. ఆకు కొసలు ఒక్కో కంది రెమ్మనీ పట్టుకుంటూ తీగ పైకి పోయింది. 2023లో, పుబ్బ కార్తె మొదట్లో, ఒక పొద్దున అమ్మ నన్ను లేపింది. తీగ పైన తల దించుకుని ఒక పచ్చటి మొగ్గ.

ఆ పూవుని దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారో గానీ, నేను నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి చూశాను. మొగ్గ కిందికి వేలాడుతుంది. విచ్చుకున్నప్పుడు ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. అంచులు ముడతలు ముడతలుగా అలల్లా ఉంటాయి. మొదటి రోజు లేత పచ్చ. తరువాత మొదలు పసుపు, కొసలు నారింజ. ఆ పైన కొసల ఎరుపు కిందికి దిగుతుంది. వారం తిరిగేసరికి పూవంతా ముదురు ఎరుపు. ఒకే తీగ మీద పచ్చటి పూవు, పసుపు పూవు, ఎర్రటి పూవు ఒకేసారి కనబడతాయి. అవి మూడు రకాలు కాదు, మూడు వయసులు. కేసరాలు ఆరూ గొడుగు పుల్లల్లా చుట్టూ చాచుకుని ఉంటాయి. గింజ కట్టించే కీలం మాత్రం మొదట్లోనే వంగి పక్కకి పోతుంది. తన పుప్పొడి తన మీద సులువుగా పడకుండా ఈ ఏర్పాటు. అందుకని సీతాకోకచిలకలు, తేనెపిట్టలు రావాలి. మా పెరట్లో ఒక్కటే తీగ కాబట్టి ఆ ఏడు ఒక్క కాయా నిలవలేదు. తమిళనాడులో కరూరు, దిండిగల్ ప్రాంతాల రైతులు గింజల కోసం దీన్ని పొలాల్లో పందిళ్ళు వేసి పెంచుతారు. అక్కడ పూత రోజుల్లో మనుషులే చేత్తో పువ్వు పువ్వుకీ పుప్పొడి అంటిస్తారు. తమిళులకి ఇది రాష్ట్ర పుష్పం. ఆఫ్రికాలో జింబాబ్వేకి జాతీయ పుష్పం.

మొదటి పూవు ఎర్రబడ్డ రోజు అమ్మ అరుగు మీద కూర్చుని దానివైపు చూస్తూ, "నాభి పూసింది, సామలు చూసి..." అని ఆగిపోయింది. ఇక్కడ మాకు పోడు లేదు. సామలు లేవు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అమ్మే లేచి, "వచ్చే ఏడు ఈ కందుల పక్కన గుప్పెడు సామలు చల్లు. కోతకి కాదు, లెక్కకి" అంది. చల్లుతున్నాను.

ఇంతవరకు బాగానే ఉంది. 2024 సంక్రాంతి సెలవుల్లో జరిగింది చెబుతాను.

మా పక్కింట్లో వరసకి పెద్దమ్మ ఒకామె ఉంది. మా ఊరే. కళ్ళు పూర్తిగా పోయాయి. ఆ చలికాలం జ్వరం పడి లేచింది, నోటికి ఏదీ హితవుగా లేదు. "ఒక్క కొండదుంప ముక్క తింటే నోరు బాగుపడునురా" అని మనవడితో అందట. ఆ పిల్లాడు తొమ్మిదో తరగతి. మూడో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉన్నాడు. అవ్వ అడిగింది తెచ్చిపెట్టాలని వాడికి ఉంది. కొండ ఇక్కడికి దూరం. కానీ మాస్టారు ఊరి నుంచి తెచ్చిన దుంప పెరట్లో ఉందని వాడు విన్నాడు. ఆ రోజుకి నేను దడి కట్టలేదు. తీగ ఎండి రాలిపోయింది. మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే వాడు వచ్చి తవ్వుకుపోయాడు. దొంగతనం అనుకోలేదు వాడు. పక్కింటి పెరట్లో కూర కోసుకున్నట్టే అనుకున్నాడు.

ఇంటికి తీసుకెళ్ళి కడిగాడు. పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. పెద్దమ్మకి ఒక అలవాటు ఉంది, దుంపల తొక్క ఆమే గీకాలి. "ఇటియ్యి, గీకుతాను" అని చెయ్యి చాచింది. వాడు చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళతో తడిమింది. ఒంటి మీద పీచు వేళ్ళు లేవు, నున్నగా ఉంది. అటూ ఇటూ రెండు చేతులు, మధ్యలో వంపు. ఆమె దాన్ని వాకిట్లోకి విసిరేసి పెట్టిన కేకకి మా వీధంతా లేచింది.

"ఇది దుంప కాదురా! నాభి!"

నేను పరిగెత్తి వెళ్ళేసరికి వాడు గోడకి ఆనుకుని వణికిపోతున్నాడు. నోట్లో ఏమీ పెట్టుకోలేదని పదిసార్లు అడిగి తెలుసుకున్నాను. వాడి చేతులు, పెద్దమ్మ చేతులు సబ్బుతో కడిగించాను. కత్తి, గిన్నె కడిగించాను. అప్పుడు నా కాళ్ళలో వణుకు మొదలైంది.

ఏం తప్పిందో చెప్పాలి. నాభి మొక్కలో కాల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది. అన్ని భాగాల్లోనూ ఉంటుంది, దుంపలో, గింజల్లో ఎక్కువ. గౌట్ అనే కీళ్ళ జబ్బుకి డాక్టర్లు ఇచ్చే మందు ఇదే, చాలా చిన్న మోతాదులో, లెక్కగా. దుంపగా తింటే అది ప్రాణం తీసే విషం. ఉడకబెడితే పోతుందని అనుకోకూడదు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆ తరువాత లోపలి అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవాళ్ళకి కొన్నాళ్ళకి జుట్టు రాలిపోతుంది. పాముకాటుకి ఉన్నట్టు దీనికి ఆసుపత్రిలో విరుగుడు సూది సిద్ధంగా ఉండదు. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే, బాగానే ఉన్నాడు కదా అని చూస్తూ కూర్చోకుండా, మిగిలిన దుంప ముక్కని వెంట తీసుకుని ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాలి. దుంపని చూపిస్తే డాక్టరుకి ఏం జరిగిందో తెలుస్తుంది.

సాయంత్రం కాలనీ పెద్దలు మా అరుగు మీదికి వచ్చారు. "పిల్లలు తిరిగే చోట ఇదేంటి మాస్టారూ?" అన్నారు. వాళ్ళు అన్నదాంట్లో తప్పు లేదు. నేను లోపలికి వెళ్ళి గునపం తెచ్చాను. దిబ్బలో ఇంకా ఒక దుంప ఉంది. మా అమ్మ అడ్డు రాలేదు. ముఖం తిప్పుకుని కూర్చుంది.

అడ్డు చెప్పింది పక్కింటి పెద్దమ్మ. మనవడి భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. "పీకేత్తే నీ పెరట్లో ఉండదు. కొండ మీద ఉంటాది గదా. రేపు ఈడు కొండకి పోతే ఏం చూసి తెలుసుకుంటాడు?" అంది. కాసేపాగి, "మా అమ్మ నా చేత తడిమించి చెప్పింది. నేను ఈడికి చెప్పలేదు. ఈడు ఇంట్లో ఉంటే గదా చెప్పడానికి" అంది.

ఆమె తనని తాను అనుకుంది. నాకు మాత్రం ఆ మాట నన్నే అన్నట్టు తగిలింది. ఎందుకంటే ఆ పిల్లాడు మా బడిలోనే చదివాడు. వాడికి సైన్సు చెప్పింది నేనే. నులితీగల పాఠం చెప్పినప్పుడు నల్లబల్ల మీద బఠానీ తీగ బొమ్మ వేశాను. వాడు పరీక్షలో ఆ బొమ్మ చక్కగా వేస్తే మార్కులన్నీ ఇచ్చాను. నా పెరట్లో ఆకు కొసతో ఎగబాకే తీగ ఉంది. దాన్ని ఒక్కనాడు కూడా వాడికి చూపించలేదు. మా అమ్మ నాకు గునపం ఇచ్చే ముందు తీగని చూపించేది. నేను పుస్తకం ఇచ్చాను, తీగని చూపించలేదు.

ఆ రాత్రి కాలనీ పెద్దలతో కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాం. దిబ్బ చుట్టూ దడి ఉండాలి. తీగ ఉన్నా లేకున్నా దడి తియ్యకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో నాటకూడదు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఎవరూ తవ్వకూడదు. ఏటా పూత కాలంలో కాలనీ పిల్లలందరినీ తెచ్చి చూపించాలి. ఆ చూపించే పని నాది.

2024 భాద్రపదంలో పిల్లలు వచ్చారు. పక్కన పోల్చి చూడటానికి తినే దుంప తీగ ఒకటి కుండీలో పెంచి ఉంచాను. నేను చెప్పింది కొంచెమే. వాళ్ళచేతే చూపించాను. నాభి ఆకు కొస చుట్టుకుంటుంది, తినే దుంప ఆకు కొస చుట్టుకోదు, దాని కాడే చుట్టుకుంటుంది. నాభి ఆకులో ఈనెలు గడ్డిపోచలో లాగా పక్కపక్కనే నిలువుగా పోతాయి, తినే దుంప ఆకులో ఈనెల మధ్య వల అల్లినట్టు ఉంటుంది. నాభి దుంప నున్నగా నాగలి వంపులో ఉంటుంది, తినే దుంపకి వేళ్ళ పీచు ఉంటుంది. నాలుగో మాట పెద్దమ్మ చెప్పింది: "ఇన్ని చూసినా అనుమానం ఉంటే తినకండి. ఆకలికి ఒక పూట తట్టుకోవచ్చు."

ఉపాధ్యాయులకి ఒక మనవి. ఈ మొక్కని బడి ఆవరణలో నాటకండి. చిన్నపిల్లలు వందమంది ఉండే చోట దీనికి కాపలా కాయలేం. పూత కాలంలో పిల్లల్ని అది ఉన్న చోటికి తీసుకెళ్ళండి. దుంపలు కొనే షావుకార్లు ఊళ్ళలోకి వస్తుంటారు. వాళ్ళ కోసం పూత రాకముందే, కాయ కట్టకముందే దుంపలన్నీ తవ్వి అమ్మితే ఆ చోట మళ్ళీ మొలవడానికి ఏమీ మిగలదు. గింజ నుంచి పెంచుదామంటే, మొలకకే చాలా రోజులు పడుతుంది, పూతకి మూడు నాలుగేళ్ళు ఆగాలి. అడవిలో ఉన్నదాన్ని అక్కడే ఉండనివ్వండి. కావాలంటే పెంచుతున్నవాళ్ళ దగ్గర ఒక దుంప అడిగి తీసుకోండి. దీని మందు సంగతులు మా పెద్దవాళ్ళలో కొందరికి తెలుసు. నేను వాటిని ఇక్కడ రాయను. కాగితం చదివి చేసే వైద్యం కాదు అది.

ఆ ఏడు పూత కాలమంతా ఆ పిల్లాడు సెలవు దొరికినప్పుడల్లా హాస్టలు నుంచి ఇంటికి వచ్చేవాడు. పొద్దున్నే దడి దగ్గరికి వచ్చి చూసి, ఇంటికెళ్ళి పెద్దమ్మకి చెప్పేవాడు. "ఈ రోజు పచ్చగా ఉందవ్వా." "కొసలు ఎర్రబడ్డాయవ్వా." వాడు లేని రోజుల్లో పెద్దమ్మ గోడ అవతల నుంచి నన్ను అడిగేది, "ఇయ్యాల ఏం రంగులో ఉందిరా?" అని. నేను బడికి పోయే తొందరలో "ఎరుపే పెద్దమ్మా" అంటే ఊరుకునేది కాదు. "ఎక్కడి దాకా దిగింది ఎరుపు?" అని అడిగేది.

ఈ వేసవిలో దిబ్బ తవ్వితే దుంపలు ఐదున్నాయి. రెండు మళ్ళీ నాటాను. మూడింటిని కాలనీలో అడిగిన మూడిళ్ళకి ఇచ్చాం. ఇచ్చేముందు ఆ పిల్లాడు వాళ్ళకి పరీక్ష పెట్టాడు. ఆకు కొస ఎలా ఉంటుంది, ఈనెలు ఎలా ఉంటాయి, దడి ఎంత ఎత్తు కట్టారు అని అడిగి, సరిగ్గా చెప్పాకే డబ్బా చేతికిచ్చాడు. మా అమ్మ పక్కన కూర్చుని వింది. ఒకాయన ఈనెల దగ్గర తప్పు చెబితే వాడు వెనక్కి పంపేశాడు. ఆయన మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ఇప్పుడు ఆరుద్ర కార్తె. మా దిబ్బ మీద రెండు మొలకలు లేచాయి, పక్కన అమ్మ చల్లించిన సామలు కూడా మొలిచాయి. పూతకి ఇంకా రెండు నెలలుంది. పెద్దమ్మ మాత్రం నిన్నటి నుంచే అడగడం మొదలుపెట్టింది.